పగటి కావలి, రాత్రి కావలి

ఏటా జూన్ నెలలో ధవళేశ్వరం ఆనకట్ట వద్ద కాలువలకు నీరు వదులుతారు. ఆ నీరు పంటబోదెలు పట్టుకొని ఆలమూరు చేలకు చేరేనాటికి, దానితోపాటు తొలకరి జల్లులు నాలుగు పడేనాటికి, ఆ చేలకు ఇద్దరు కావలివారు వస్తారు. ఒకరిది పగటి కావలి, మరొకరిది రాత్రి కావలి. పగటివాడు గోరువంక. దమ్ముచక్రాల ట్రాక్టరు వెనుక, ఇంకా ఎద్దులు మిగిలిన చోట నాగలి వెనుక, పసుపుపచ్చని కాళ్లతో దర్జాగా నడుస్తూ, తిరగబడిన మట్టిలోని పురుగును ఏరుకొని తింటాడు. రాత్రివాడు బోదురుకప్ప. ప్రొద్దు క్రుంకిన పిమ్మట గట్టు మీదికి వచ్చి కూర్చుంటాడు. మిడతను, పురుగును, గట్టుకు బొక్కలు పెట్టే పీతను, దొరికితే చిట్టెలుకను సైతం మింగుతాడు. ఇద్దరికీ కూలి లేదు, గింజ కొలిచి ఇచ్చేవారు లేరు. ఏనాడు కుదిరిన కొలువో గాని, వరిచేను ఉన్నంతకాలంగా ఇద్దరూ చేస్తూనే ఉన్నారు.

ఆలమూరు గౌతమికి ఎడమగట్టు వైపున, తూర్పు డెల్టా చేలలో ఉన్న ఊరు. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. గౌతమీ వసిష్ఠల నడుమ ఉన్నదే కోనసీమ అని పట్టుబట్టే పాతకాలపువారు జొన్నాడ దగ్గర వంతెన దాటితేనే కోనసీమ వస్తుందని ఇప్పటికీ అనవచ్చును. గోరువంకకు, కప్పకు ఈ సరిహద్దు తగాదా పట్టదు. ఇటు చింతలూరు, పెనికేరు చేలలో ఏ పురుగో, అటు లంకలలోనూ అదే పురుగు.

ఈ ఇద్దరిలో పగటివాడు క్షేమంగా ఉన్నాడు. అతనిని గురించి చింతించవలసిన పని లేదు. అసలు చిక్కు అక్కడే ఉన్నది. తెల్లవారి లేవగానే కొబ్బరి మట్ట మీద, కరెంటు తీగ మీద, సెల్ టవరు మీద గోరువంక కూత వినబడితే, ప్రకృతి యథాస్థితిలోనే ఉన్నదన్న నమ్మకం మనిషికి కలుగుతుంది. రాత్రివేళ చేలలో ఒక కంఠం తగ్గినదన్న సంగతి ఆ నమ్మకం మాటున మరుగుపడుతున్నది. పగలు వినిపించే చప్పుడును చూసుకొని రాత్రి నిశ్శబ్దాన్ని ఎవరూ లెక్కపెట్టడం లేదు.

మొదట పాట సంగతి చూడవలసి ఉన్నది. ప్రాణిశాస్త్రజ్ఞుల వర్గీకరణలో పాటపిట్టలనేది ఒక పెద్ద కోవ. గోరువంక ఆ కోవలోనిది. పిచ్చుక, పిగిలిపిట్ట అందులోనివే. కాకి సైతం అందులోనిదే. కవులు నెత్తిన పెట్టుకొన్న కోయిలకు మాత్రం అందులో చోటు లేదు! కాబట్టి పాట అన్నది చెవికి ఒక లెక్క, శాస్త్రానికి మరొక లెక్క. కప్పకు ఈ రెండు లెక్కలలోనూ స్థానం దొరకలేదు. దానిది కూత, ఇంకా చులకన చేస్తే బెకబెక.

తెలుగువాని నాలుక కూడా కప్ప మీద దయ చూపినది కాదు. లోకం తెలియనివాడు నూతిలో కప్ప. ఒక చోట నిలువని మనుషులను కూడగట్టబూనడం కప్పల తక్కెడ. దిక్కులేనివాని స్థితి పాము నోటిలో కప్ప. వైయాకరణులు కూడా నడిమి సూత్రాలను విడిచి దూరపు సూత్రానికి అనువృత్తి గెంతినప్పుడు దానికి మండూకప్లుతి అని పేరు పెట్టారు. గోరువంక జాతకం వేరు. అన్యోన్యంగా ఉన్న ఆలుమగలను చిలకా గోరువంకల్లా ఉన్నారంటారు. చిలుక ఒక జాతి, గోరువంక వేరొక జాతి. ఆ రెండింటికీ కాపురం కుదిరిన దాఖలా ప్రకృతిలో ఎక్కడా లేదు. అయినా ఆ జంటను తెలుగువారు విడదీయలేదు.

ఐతే ఇంతకంటె పాత మర్యాద ఒకటి కప్పకు ఉన్నది. ఋగ్వేదం సప్తమ మండలంలోని 103వ సూక్తం మండూక సూక్తం. వసిష్ఠునిదిగా చెప్పే ఆ సూక్తంలో, ఏడాది పొడుగునా మౌనవ్రతం పట్టి వానతో నోరు విప్పే కప్పలు వ్రతం ముగించిన బ్రాహ్మణులతో పోల్చబడినవి. మాక్సుముల్లరు దీనిని పురోహితుల మీద వ్యంగ్యమని తలచాడు. తరువాతి పండితులు పలువురు వాన కోసం పలికిన మంత్రమని భావించారు. ఎవరి మాట ఒప్పినా సరే, అందులో ఒక పరిశీలన ఉన్నది. కప్ప ఎండాకాలమంతా మట్టిలో తలదాచుకొని నిద్రపోతుంది, తొలివానతో మేల్కొంటుంది. నేటి ప్రాణిశాస్త్ర గ్రంథాలు గ్రీష్మనిద్ర అని వివరించే విషయాన్ని ఆ ఋషి చెవితో పట్టుకొన్నాడు. అదే ఎరుక పల్లెలలో కప్పతల్లి ఆటగా మిగిలినది. వానలు వెనుకబడితే కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ త్రిప్పుతారు. గృహిణులు బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. ఆ ఊరేగింపులో కప్పకు సుఖమేమీ లేదు గాని, వానకూ దానికీ చుట్టరికం ఉన్నదన్న సంగతిని ఊరు మరువలేదు.

ఆ తొలివాన రాత్రి బోదురుకప్పను ఒక్కసారి చూసినవారు దానిని మళ్లీ వికారమని అనజాలరు. మిగిలిన కాలంలో ఆకుపచ్చ, మట్టిరంగు కలిసి బురదలో బురదగా ఉండే మగకప్ప ఆ నాలుగు రోజులూ నిమ్మపండు పసుపు దాల్చుతుంది. గొంతుకు రెండు ప్రక్కలా నీలిరంగు బుడగలు పొంగుతాయి. కూసేది మగదే, ఆడది విని వస్తుంది. గుడ్లు వేల సంఖ్యలో ఉంటాయి. అవి పెట్టేది పెద్ద చెరువులో కాదు. చేపలున్న నీటిలో గుడ్డుకూ పిల్లకూ భద్రత తక్కువ కనుక, వాన పడినప్పుడు నిలిచి కొన్ని వారాలకు ఇంకిపోయే పల్లపు మడుగులో, రోడ్డు ప్రక్క గోతిలో, దమ్ముకు నీరు పెట్టిన మడిలో పెడుతుంది. తోకకప్ప ఆ మడుగులోనే కాళ్లు తెచ్చుకొని, మడుగు ఎండకముందే గట్టెక్కాలి. దాని బ్రతుకంతా ఈ పరుగుపందెం మీద ఆధారపడి ఉన్నది.

గోరువంకకు ఈక ఉన్నది. కప్పకు ఉన్నది వట్టి చర్మం. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మంతోనే పీల్చుకొంటుంది. ఊపిరిలో కొంత పాలు కూడా చర్మం ద్వారానే జరుగుతుంది. పొలంలో ఏది కలిపితే అది దాని ఒంటిలోనికి నేరుగా పోతుంది. గోరువంక ఒక చేనిలో మందు వాసన వస్తే గట్టు దాటి ఎగిరిపోగలదు. కప్పకు మందు కలిసిన నీరే ఇల్లు.

మందు సంగతికి పోయేముందు కత్తి సంగతి చెప్పవలసి ఉన్నది. కప్ప మీద తొలిదాడి పైరు వంకతో జరిగినది కాదు, పళ్లెం కోసం జరిగినది. స్వాతంత్ర్యానంతర దశాబ్దాలలో భారతదేశం నుంచి కప్పకాళ్లు మంచులో గడ్డకట్టించి అమెరికా, ఫ్రాన్సు, బెల్జియం మొదలైన దేశాలకు ఎగుమతి చేశారు. వాన రాత్రులలో గోనెసంచులతో, పెట్రోమాక్సు దీపాలతో మనుషులు గట్లు త్రొక్కేవారు. వెలుగు కళ్లలో పడగానే కప్ప కదలక కూర్చుంటుంది. పట్టడం సులువు. కావలసినవి వెనుకకాళ్లు రెండే కనుక, వాటిని కోసి మిగిలిన మొండెం, ఒక్కొక్కప్పుడు ప్రాణం పోకముందే, పారవేసేవారు. 1980వ దశకం ఆరంభంలో ఈ ఎగుమతి ఒక్క ఏడాదిలో 4 వేల టన్నులు దాటినది. 1985లో బోదురుకప్పను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని పూర్తిగా నిషేధించినది. పొలాల్లో కప్పలు తగ్గి పురుగు పెరుగుతున్నదన్న వాదన, జీవహింస పట్ల నిరసన – రెండూ కలిసి ఆ పని చేయించినవి. నిషేధం మంచిదే. వ్యాపారం మాత్రం ఆగలేదు, ఇండొనేషియాకు తరలిపోయినది.

కళాశాలల ప్రయోగశాలల్లో కూడా కప్పకు ఊరట ఆలస్యంగానే దొరికినది. తరతరాల విద్యార్థులు మైనపు పళ్లెంలో దానిని వెల్లకిలా పరచి, గుండుసూదులు గుచ్చి, గుండె ఎక్కడున్నదో, నరం ఎక్కడున్నదో నేర్చుకొన్నారు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2011లో ఈ కోతను తగ్గించమన్నది, 2014లో మానిపించినది. వేలమంది వైద్యులకు తొలి గురువైన ఈ ప్రాణి కంఠాన్ని ఆ విద్యార్థులలో ఎందరు పొలంలో కూర్చుని విన్నారన్నది వేరే ప్రశ్న.

నిషేధం వచ్చిన 1987వ సంవత్సరంలోనే భూగోళానికి అవతలి ప్రక్క మరొక లెక్క జరిగినది. మధ్య అమెరికాలోని కోస్టారికాలో మాంటెవెర్డే అనే మబ్బుల కొండ మీద బంగారు వన్నె కప్ప ఒకటి ఉండేది. 1966లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. 1987 వానలలో 1,500కు పైగా కనిపించినవి. మరుసటి ఏడు పట్టుమని పది. 1989లో ఒకే ఒక్క మగకప్ప. ఆపైన కనిపించలేదు. 2004లో దానిని అంతరించిన జాతిగా ప్రకటించారు. దానిని ఎవరూ తినలేదు, ఎవరూ అమ్మలేదు. అడవి కూడా నరకలేదు. నీటికరవు ఎంత, శిలీంధ్రవ్యాధి ఎంత అన్న చర్చ ముగియలేదు. కప్పచర్మాన్ని పట్టి చంపే ఒక శిలీంధ్రాన్ని 1998లో గుర్తించారు. అది 501 ఉభయచర జాతులను దెబ్బతీసినదని, వాటిలో 90 జాతులు అంతరించినట్లే భావించవలసి ఉన్నదని 2019లో ప్రకటితమైన అంచనా. మన దేశంలో ఆ వ్యాధి వల్ల అంతటి సంహారం నమోదు కాలేదు. ఇక్కడి హంతకుడు అంత అజ్ఞాతుడు కాడు. దుకాణంలో డబ్బాల మీద అతని పేరు అచ్చువేసి ఉంటుంది.

వరిలో కాండం తొలుచు పురుగుకు, సుడిదోమకు వాడే గుళికలు, చల్లే మందులు డెల్టాలో చాలాకాలంగా ఇంటిమాటలు. ఫోరేటు గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. ఎండోసల్ఫాను అమ్మకం 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగినది. ఒక్కొక్క మందు మనిషికి హానికరమని తేలి నిషిద్ధం కావడానికి దశాబ్దాలు పడుతున్నది. ఆ దశాబ్దాలన్నిటిలోనూ అది నీటి మడిలో కప్పచర్మాన్ని తాకుతూనే ఉన్నది. నారుమడిలో గుళికలు చల్లే రోజులూ, కప్పగుడ్డు పొదిగే రోజులూ ఇంచుమించు ఒకటే కావడం కప్ప దురదృష్టం. దీనికి తోడు పల్లం మెరక అవుతున్నది. ఇళ్లస్థలాల కోసం గోతులు పూడుతున్నవి. దిగువ మండలాలలో వరిచేలు రొయ్యల చెరువులు, చేపల చెరువులు అవుతున్నవి. ఉప్పునీటిలో తోకకప్పకు బ్రతుకు లేదు, మంచినీటి చెరువులో అది చేపకు ఆహారం. జొన్నాడ మీదుగా పోయే జాతీయ రహదారిని వాన రాత్రి దాటబోయి చక్రాల క్రింద పడేవి సరే సరి.

ఇదే కాలంలో గోరువంక ఏమి చేసినది? మనిషి దేనిని కడితే దానిలో కాపురం పెట్టినది. పెంకుటిల్లు ఉంటే చూరులో, డాబా కడితే పైపు తూములో, వీధిదీపం పెడితే దాని డొల్లలో. పురుగు తగ్గితే మెతుకు తిన్నది. మనిషితో సర్దుకొనిపోవడంలో దానిని మించిన పిట్టలు తక్కువ. ఆస్ట్రేలియాలో పురుగులు తింటుందని 1860వ దశకంలో మెల్‌బోర్నుకు తీసుకొనిపోయారు. 2000లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వెలువరించిన నూరు దుష్ట ఆక్రమణ జాతుల పట్టికలో అదే గోరువంక చేరినది. పిగిలిపిట్ట కూడా చేరినది. మన పెరటి పిట్టలు పరదేశంలో ఇంత పేరు తెచ్చుకొన్న సంగతి సాహిత్యంలో ఎక్కలేదు.

లోకం పక్షి గొంతు విని కదలడానికి అలవాటుపడినది. 1962లో రేచెల్ కార్సన్ పురుగుమందుల మీద వ్రాసిన గ్రంథానికి పక్షుల పాట లేని వసంతాన్ని తలపించే పేరు పెట్టినది. ఆ పేరే సగం పని చేసినది. పదేళ్లకు అమెరికా డి.డి.టి.ని నిషేధించినది. మన దేశంలో 2023లో వెలువడిన పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించినది. దానికి సుమారు 30 వేలమంది ఔత్సాహికులు తమ కళ్లను, చెవులను అరువిచ్చారు. అదే ఏడు ప్రపంచంలోని ఉభయచరాల లెక్క కూడా వచ్చినది. పక్షి జాతులలో నూటికి ఇంచుమించు 12 ముప్పులో ఉండగా, ఉభయచరాలలో నూటికి 41 ముప్పులో ఉన్నవి. వెన్నెముక గల ప్రాణివర్గాలలో ఇంతటి ప్రమాద స్థితి మరొక వర్గానికి లేదు. ఐనను ఆ వార్తకు పక్షుల వార్తకు వచ్చిన చప్పుడు రాలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావలసినదే. బోదురుకప్ప అంతరించే జాతుల ఎర్ర జాబితాలో ప్రమాద వర్గంలో లేదు కదా, ఇంత గగ్గోలు ఎందుకని. నిజమే. ఆ జాతి భారతదేశంలో విస్తారంగా వ్యాపించి ఉన్నది; జాబితా దానిని అంతగా చింత లేని వర్గంలోనే ఉంచినది. పైగా అండమాను దీవులకు చేపపిల్లల వెంట చేరిన ఈ కప్ప అక్కడ స్థానికమైన ప్రాణులను మింగుతున్నదని పరిశోధకులు హెచ్చరించారు. ఇంకొకచోట దొంగ అయినవానికి ఇక్కడ కావలి బిరుదేమిటని ఎవరైనా అడగవచ్చును. గోరువంక కూడా అండమానులో పరాయిదే. 19వ శతాబ్దిలో ఆంగ్లేయులు తీసుకొనిపోయినదే. ఒక ప్రాణి దొంగా కావలివాడా అన్నది అది నిలిచిన గట్టును బట్టి ఉంటుంది. గోదావరి గట్టు మీద బోదురుకప్పను తినడానికి నీరుకట్టె ఉన్నది, జెర్రిపోతు ఉన్నది, కొంగ ఉన్నది. జెర్రిపోతు కప్పనూ తింటుంది, ఎలుకనూ తింటుంది. ఎలుకకు ఇంత అని లెక్కకట్టి బుట్టలవారికి కూలి ఇచ్చే డెల్టా రైతుకు ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు.

జాబితా జాతిని లెక్కిస్తుంది గాని, ఊరిని లెక్కించదు. దేశం మొత్తం మీద ఒక జాతి కోట్లుగా ఉండి, ఒక్క మండలంలో పూర్తిగా పోవచ్చును. ఆ పోవడం ఏ పట్టికకూ ఎక్కదు. మాంటెవెర్డే కప్ప ఒకే కొండది కనుక దాని చావు ప్రపంచవార్త అయినది. ఆలమూరు చేలలో కూత ఆగితే అది వార్త కాదు, ఆ ఊరి నష్టం మాత్రమే. అరుదైన దానికి లభించే గౌరవం కోసం మామూలుది అరుదు అయ్యేదాకా ఆగవలెనా?

ఇంత చెప్పి రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించిన సంగతి మరువరానిది. అప్పు తెచ్చి నాటిన పైరుకు దోమ పట్టినప్పుడు కప్పను తలచుకొని మందుడబ్బా క్రింద పెట్టమని అతనికి చెప్పే అర్హత పట్నంలో కూర్చున్నవారికి లేదు. అతనికి మందు అమ్మేవాడే మోతాదు చెప్పే వైద్యుడు కూడా అయిన ఏర్పాటు మీద మాత్రం మాట చెప్పవచ్చును. పురుగు నష్టపరిమితి దాటితేనే మందు వేయాలన్నది వ్యవసాయ శాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్న మాట. ఆ మాట రైతు చెవిని చేరవలసినది గట్టు మీద, నారుమడి వేసే వారంలో. రైతుమేళా వేదిక మీద చెబితే చాలదు.

పంచాయతీలు చేయగలిగినది మరొకటి ఉన్నది, దానికి ఖర్చు కూడా లేదు. ఊరుమ్మడి స్థలంలో పల్లపు మూల ఒక్కదానిని మెరక చేయకుండా, తొలకరి మొదలు నెల, నెలన్నర పాటు మందునీరు చేరకుండా విడిచిపెట్టడం. చెరువుకు సుందరీకరణ పేరుతో నాలుగు వైపులా నిట్రపు గోడ కట్టేటప్పుడు ఒక వైపైనా మట్టి వాలు ఉంచడం. కప్పకు మెట్లు ఎక్కడం రాదు.

మూడవది పాఠశాలలది, కళాశాలలది. కప్పను కోయడం మానిన ప్రాణిశాస్త్ర విభాగాలు ఇక దానిని వినడం మొదలుపెట్టవచ్చును. గోరువంక లెక్కకు పగలు చాలు. దాని లెక్క ఇప్పటికే జరుగుతున్నది. కప్ప లెక్కకు కావలసినవి ఒక టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, గట్టు మీద అరగంట మాటాడక కూర్చునే ఓపిక. ఏ మడిలో ఎన్ని కంఠాలు, ఏ తేదీన మొదలైనవి, ఎన్ని రాత్రులు సాగినవి – ఇంతే వ్రాయవలసినది. మడికి, మడికి మధ్య తేడా రెండవ ఏటికి తెలుస్తుంది. కాలువకు నీరు వదిలిన పిమ్మట వచ్చే మొదటి పెద్దవాన రాత్రి, తొమ్మిది గంటల వేళ, మడికీలో గాని పెనికేరులో గాని ఏదో ఒక గట్టు మీద ఈ పని ప్రారంభించవచ్చును.